హత్యాభియోగ విచారణలో సాక్షివాక్యము

1937వ సంవత్సరము మార్చి 23వ తేదీన పూరీ రైలుస్టేషనులో, వచ్చి నిలిచిన బండియొక్క మూడవ తరగతి పెట్టెలో, అడుగువారు లేక మిగిలిపోయిన ఉక్కు ట్రంకు నొకదానిని తెరచి చూడగా, అందులో ఏడు తునకలుగా ఖండింపబడిన పురుషశవము కానవచ్చినది. ఆ హతుడు పిఠాపురము దివానుగారి కొలువులో బంట్రోతుగా నుండినవాడు. హత్యాభియోగమునకు గురియైన పాకాల నారాయణస్వామి ఆ దివానుగారి కుమార్తెను వివాహమాడి బరంపురమున కాపురముండినవాడు. హత్య జరుగుచుండగా కన్నులార చూచినవా డొక్కడును లేడు. ట్రంకును గూర్చిన సాక్ష్యము కొంత, అప్పు లావాదేవీల జాబులు కొన్ని ఉన్నవి. వానితోపాటు హతుని భార్య న్యాయస్థానమున చెప్పిన నాలుగు మాటలున్నవి. మార్చి 20వ తేదీన తన భర్తకు జాబు వచ్చినదనియు, ఇచ్చిన అప్పు రాబట్టుకొనుటకు బరంపురము రమ్మని అందులో వ్రాసియున్నదని ఆయన తనతో చెప్పెననియు, మరునాడు రైలెక్కి వెళ్లిన మనిషి మరల రాలేదనియు ఆమె చెప్పినది. చనిపోయినవాని మాటను భార్య నోట వినుట చెల్లునా యను ప్రశ్న పాట్నా హైకోర్టును దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. మరణమునకు దారితీసిన వ్యవహారములో భాగమైన మాట, చెప్పిననాటికి చెప్పినవానికి మృత్యుభయ మేమియు లేకున్నను సాక్ష్యమే యగునని 1939లో లార్డ్ ఆట్కిన్ తీర్పు చెప్పిరి. అదే తీర్పులో, అరెస్టునకు పూర్వము నిందితుడు పోలీసులతో పలికిన మాట సాక్ష్యముగా చెల్లదని త్రోసివేసిరి. అయినను మిగిలిన సాక్ష్యము చాలునని యెంచుటచే అప్పీలు కొట్టివేయబడినది.

ఒకే అభియోగములో ఒక మాట లోనికి వచ్చినది, మరియొక మాట వాకిట నిలిచిపోయినది. ఆ భేదమునకు మూలము మాటలలోని సత్యాసత్యములు కావు. అవి యేదారిని న్యాయస్థానము చేరినవన్నదే. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏ స్థితిలో పలికిరి? ఆ పలుకును ఎవరు వ్రాసిరి? వ్రాసినదానిని చెప్పినవారికి చదివి వినిపించిరా? నడుమ ఎన్ని దినములు, ఎన్ని యేండ్లు గడచినవి? హత్యానేర విచారణలలో సాక్ష్యమును గూర్చి మన దేశమున సాగిన నూటయేబదియేండ్ల న్యాయచర్చను ఒక్కచోట చేర్చి చూడగా నాకు తోచినది ఇది: మన న్యాయస్థానములు సాక్షిని పరీక్షించుటయందు చూపిన నైశిత్యమును, సాక్ష్యము నడచివచ్చిన దారిని పరీక్షించుటయందు ఎల్లప్పుడును చూపలేదు. ఆ దారి పొడవునను రాజ్యము చేసిన ఆలస్యములకును, కలుగనిచ్చిన భయములకును ఫలితమును అనుభవించినది తరచుగా సాక్షియే.

సాక్షిని గూర్చి మన ధర్మశాస్త్రకారులు చాల లోతుగా విచారించిరి. నారదస్మృతి సాక్షులను పదునొకండు తెగలుగా విభజించినది. యాజ్ఞవల్క్యస్మృతి దుష్టసాక్షి లక్షణములను చెప్పుచు, ఉన్నచోట ఉండక చలించుట, పెదవుల కొనలను నాకుకొనుట, నుదుట చెమట పట్టుట, ముఖము వన్నె మారుట మున్నగువానిని పేర్కొన్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చినందున, వ్యవహారధర్మము తెలుగువారికి తెలుగుననే లభించినది. సాక్షి హావభావములను గమనించి వ్రాసికొను అధికారమును నేటి శాసనము సైతము న్యాయమూర్తికి ఇచ్చుచునే యున్నది. కాని చెమట అసత్యమునకు మాత్రమే పట్టునా? పుట్టి బుద్ధెరిగిననాటినుండి కచ్చేరి గుమ్మము తొక్కని స్త్రీ, తన కుమారుని చంపినవారు పది గజముల దూరమున బల్లపై కూర్చుండి తనవంకనే చూచుచుండగా బోనెక్కి నిలిచినపుడు, ఆమె పెదవి తడియారుటకు కారణము వెదకనక్కరలేదు. కోర్టులకు అలవాటుపడి, తడబాటు లేక అబద్ధమును అప్పగించు సాక్షికి చెమట పట్టదు. ముఖమును చూచి సత్యమును కనిపెట్టగలమను విశ్వాసము ఎంత ప్రాచీనమో అంత అపాయకరమని నా అభిప్రాయము.

1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రచించిన భారత సాక్ష్య శాసనము ఈ విషయమున ఒక గొప్ప తెగువ చూపినది. ఏ సంగతిని నిరూపించుటకైనను ఇందరు సాక్షులుండవలెనను నియమము లేదని 134వ సెక్షను చెప్పినది. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను ఈ సూత్రము చెక్కుచెదరలేదు. దీనికి ఉదాహరణగా న్యాయవాదులు నేటికిని ఉదహరించునది 1957నాటి వడివేలు తేవర్ కేసు. తంజావూరు జిల్లా ముత్తుపేటలో టీకొట్టు నడుపుకొను నొకడు రాత్రివేళ తన కొట్టులోనే హత్యకు గురికాగా, నేరమును నిలువబెట్టునదిగా చివరకు మిగిలినది అతని భార్య చెప్పిన సాక్ష్య మొక్కటే. ఒక్క స్త్రీ మాటమీద మనిషిని ఉరితీయవచ్చునా యని నిందితుని పక్షమున వాదించిరి. సుప్రీంకోర్టు సాక్షులను మూడు విధములుగా వింగడించినది: పూర్తిగా నమ్మదగినవారు, పూర్తిగా నమ్మరానివారు, ఈ రెండును గానివారు. మొదటి తెగవాడైనచో ఒక్కడే చాలును. రెండవ తెగవారు నూరుగురైనను వ్యర్థము. మూడవ తెగవాని మాటకే వేరొక ఆధారము కావలెను. ఉరిశిక్ష ఖాయమైనది. తలలు లెక్కింపక మాట బరువును తూచవలెనను ఈ సిద్ధాంతము బలవంతుల నడుమ ఒంటరిగా నిలిచిన సాక్షికి పెద్ద అండ. అయితే, లోకమున మనకు ఎదురగు సాక్షులలో అధికసంఖ్యాకులు మూడవ తెగవారే యగుటచేత, అసలు చిక్కంతయు అక్కడనే మొదలగుచున్నది.

ఆ చిక్కు తెలియవలెనన్న, హత్య జరిగిన తావునుండి సాక్షిబోను వరకు మాట చేయు ప్రయాణమును గమనింపవలెను. మొదట ప్రథమ సమాచార నివేదిక. అది ఎన్నిగంటలకు పోలీసుస్టేషను చేరినది, దాని నకలు మేజిస్ట్రేటుకు ఎన్నిగంటలకు ముట్టినది అను రెండు గడియలను పట్టుకొని ప్లీడర్లు దినములకు దినములు వాదింతురు; అందులో తప్పులేదు. ఆలస్యమైన ఫిర్యాదులో కల్పన చేరునని 1972లో తూలియా కాళి కేసునందు సుప్రీంకోర్టు చెప్పినమాట సెషన్సు కోర్టులలో నిత్యము వినబడును. తరువాత శవపంచాయతీ, పోస్టుమార్టము. ఆపైన దర్యాప్తు అధికారి సాక్షులను విచారించి వ్రాసికొను వాంగ్మూలములు. వీనినే కచ్చేరీ వాడుకలో 161 స్టేట్‌మెంట్లందురు. వీనిపై సాక్షిచేత సంతకము చేయింపరాదు. వీనిని ప్రాసిక్యూషను తన కేసును బలపరచుకొనుటకు వాడరాదు. బోనులో చెప్పినదానికిని దీనికిని వైరుధ్యమున్నచో, దానిని చూపి సాక్షిని ఖండించుటకు మాత్రమే డిఫెన్సువారు వాడవచ్చును. పోలీసు వ్రాతపై అపనమ్మకముతో పుట్టిన నియమ మిది. నిందితునికి రక్షణగా ఏర్పడినది. కాని దీని ఫలమెట్లున్నదో చూడుడు: సాక్షి చదివి యెరుగని, సంతకము పెట్టని, ఒక హెడ్డుకానిస్టేబులు తన మాటలలో కుదించి వ్రాసికొన్న కాగితమే నాలుగేండ్ల తరువాత ఆ సాక్షి సత్యసంధతకు కొలబద్దయై కూర్చుండును.

విచారణదినమున ఏమి జరుగునో ఒకసారి దగ్గరనుండి చూతము. బంట్రోతు వసారాలో నిలిచి పేరు మూడుసార్లు కేకవేయును. సాక్షి చెప్పులు విడిచి, కండువా చేతిలో మడిచి పట్టుకొని బోనెక్కి, నిజమే చెప్పెదనని ప్రమాణము చేయును. ముఖ్యపరీక్షలో పబ్లిక్ ప్రాసిక్యూటరు సమాధానమును సూచించు ప్రశ్న వేయరాదు. కావున సాక్షి తన మాటలలో కథ చెప్పుకొనిపోవును. సాక్షి తెలుగున చెప్పుచుండగా చాల కోర్టులలో న్యాయమూర్తి దానిని ఇంగ్లీషున పలుకగా స్టెనో టైపు చేయును. గొంతు పూడుకొని సాక్షి మాటాడక నిలిచిన రెండు నిమిషములు కాగితమున కనబడవు. పిమ్మట క్రాసు. నీవు నిలిచిన చోటికి వేపచెట్టు ఎంతదూరము? ఆ దినమున నీవు కట్టిన పంచె రంగేమి? మొదటిదెబ్బ కుడివైపునా, ఎడమవైపునా? ఇది పోలీసులకు చెప్పితివా? చెప్పితిననును సాక్షి. కాగితమున లేదే! ఎందుకు లేదో ఆతనికెట్లు తెలియును? కట్టకడపట, నీవు హతుని బంధుత్వముచే అబద్ధపు సాక్ష్యము చెప్పుచున్నావని ప్లీడరు ఆరోపింపగా, నేను అబద్ధము చెప్పుచున్నాననుట నిజముకాదని సాక్షి యనుటతో దాదాపు ప్రతి క్రాసు పరీక్షయు ముగియును. వేలకొలది కేసుల రికార్డులలో ఈ వాక్యము అక్షరము మారక కనబడును.

పోలీసులకు చెప్పని సంగతిని బోనులో చెప్పుట వైరుధ్యమగునా? ఈ ప్రశ్నకు శాశ్వతమైన సమాధానము వ్రాసినవారు తెలుగువారు, ఆంధ్ర హైకోర్టు ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా నుండి సుప్రీంకోర్టునకు వెళ్లిన కోకా సుబ్బారావుగారు. 1959నాటి తహసీల్దార్ సింగ్ కేసులో, బందిపోటు ముఠా ఒక గ్రామముపై రాత్రివేళ దాడిచేసి కాల్చి చంపిన సందర్భమున, అక్కడ గ్యాసులాంతరు వెలుగుచుండెనని సాక్షి కోర్టులో చెప్పెను. ఆ లాంతరు సంగతి దర్యాప్తు అధికారితో చెప్పితివా యని ప్లీడరు అడుగబోగా, సెషన్సు జడ్జి ఆ ప్రశ్నను వారించెను. వ్యవహారము సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనము ముందుకు వచ్చినది. వ్రాసినదానిలో అంతర్గతమైయున్నదని విధిగా భావింపవలసిన సంగతికి విరుద్ధమైనపుడే లోపము వైరుధ్యమగునుగాని, చెప్పక విడిచినదెల్ల వైరుధ్యము కాదని అధికసంఖ్యాకుల పక్షమున సుబ్బారావుగారు తీర్పు వ్రాసిరి. హిదయతుల్లాగారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. 1973 క్రిమినల్ ప్రొసీజరు కోడులో శాసనకర్తలు మధ్యేమార్గము త్రొక్కి, ప్రాముఖ్యముగల లోపము సందర్భమునుబట్టి వైరుధ్యము కావచ్చునని వివరణ చేర్చిరి. చీకటిలో వెలుతురున్నదా లేదా యనుట గుర్తింపునకు ప్రాణమువంటిది. కాని అడుగనిదే సామాన్యుడు లాంతరు మాట యెత్తునా? తన కన్నులయెదుట మనిషి కూలుచుండగా చూచినవానికి, తా నా దృశ్యమును ఏ వెలుతురున చూచితినని వివరింపవలెనను ఊహయే తట్టదు. ఆ ప్రశ్న అడుగవలసిన బాధ్యత దర్యాప్తు అధికారిది.

ఇచ్చట మనస్తత్వశాస్త్రము చెప్పునది వినక తప్పదు. 1908లో హార్వర్డు ఆచార్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ సాక్షుల జ్ఞాపకమును గూర్చి గ్రంథమే వ్రాసెను. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనువారు విద్యార్థులకు మోటారుకార్లు ఢీకొను చిత్రమును చూపి, కొందరిని కార్లు తాకినపుడు వేగమెంత యనియు, మరికొందరిని తుక్కుగా గుద్దుకొన్నపుడు వేగమెంత యనియు అడిగిరి. ప్రశ్నలో క్రియ మారినంతనే అంచనా గంటకు దాదాపు 32 మైళ్లనుండి దాదాపు 41 మైళ్లకు పెరిగినది. వారి రెండవ ప్రయోగమున, చిత్రము చూపిన వారము తరువాత పగిలిన గాజును చూచితిరా యని అడుగగా, చిత్రమున గాజు పగులనే లేదుగాని, గట్టి మాటతో ప్రశ్నింపబడిన 50 మందిలో 16 మంది చూచితిమనిరి. వీరెవ్వరును అబద్ధమాడలేదు. జ్ఞాపకము అడిగినవాని మాటచేత మలచబడినది, అంతే. అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షలవలన నిర్దోషులని తేలిన తొలి కొన్ని వందలమంది ఖైదీల కేసులలో మూడింట రెండువంతులకు మించినవానిలో ప్రత్యక్షసాక్షి పొరపాటున గుర్తుపట్టుటయే కారణములలో ఒకటిగా కనబడినది. అన్యాయముగా చెరబడినవాని యౌవనము ఏ నష్టపరిహారముచేతను తిరిగిరాదు. కావున నిశ్చయముగా చెప్పిన సాక్షియే నిజముచెప్పిన సాక్షియని యనుకొనరాదు. అపరిచితుని గుర్తించిన సందర్భమున మరింత జాగరూకత కావలెను. మేజిస్ట్రేటు సమక్షమున జరుపు గుర్తింపు పరేడును అరెస్టయిన వెంటనే జరుపవలెననియు, అంతకుముందు నిందితుని ముఖము సాక్షికంట పడరాదనియు న్యాయస్థానములు పట్టుపట్టుటకు ఇదియే హేతువు.

అయితే ఇదే శాస్త్రమును వేరొక వైపునుండియు చదువవలెను. మూలఘట్టము మదిలో నాటుకొనును, అంచులు చెదరిపోవును. ఇది జ్ఞాపకముయొక్క సహజగుణము. కాలము, దూరము, వరుస మొదలగువానిలో మనిషి అంచనాయే చెప్పగలడు. పదిమంది సాక్షులు పంచె రంగుతోసహా ఒకే పాఠము అప్పగించిరేని, అపుడే అనుమానింపవలెను. ఈ వివేకమును మన సుప్రీంకోర్టు పలుమారులు ప్రకటించినది. 1983లో భోగిన్‌భాయి కేసున న్యాయమూర్తి ఠక్కర్‌గారు, సాక్షి మనస్సు ఛాయాగ్రహణయంత్రము కాదని కారణములతో విశదీకరించిరి. ఒక్క విషయమున అబద్ధమాడినవాడు అన్నిటను అబద్ధికుడేయను లాటిను సూత్రము మన దేశమున చెల్లదని కూడ ఎన్నోతీర్పులున్నవి. ధాన్యమునుండి పొల్లు చెరిగినట్లు సత్యమును వేరుచేసికొనుట న్యాయమూర్తి పనియే. సిద్ధాంతమున లోపము లేదు. జిల్లాకోర్టునందు, అప్పీలునందు దాని అన్వయమే ఒకచోట ఒకవిధముగా, మరొకచోట మరొకవిధముగా నున్నది.

హతుని బంధువులు చెప్పిన సాక్ష్యమును గూర్చి కొంత చెప్పవలెను. చుట్టమని, పక్షపాతియని క్రాసులో ఎత్తిపొడుచుట పరిపాటి. 1953లో దలీప్ సింగ్ కేసునందు న్యాయమూర్తి వివియన్ బోస్‌గారు ఈ వాదమును ఖండించుచు, అసలు హంతకుని విడిచిపెట్టి నిరపరాధిని ఇరికించుటకు దగ్గరిచుట్టము అందరికంటె కడపట ఒడిగట్టునని చెప్పిరి. ఇంటిలో హత్య జరిగినచో ఇంటివారుగాక మరెవరు చూతురు? కాని పగలు, పార్టీలు గల పల్లెలలో, నిజముగా దెబ్బకొట్టిన ఇద్దరితోపాటు ఎదిరిపార్టీలోని ముఖ్యులందరిని ఫిర్యాదులో చేర్చుట కద్దు; మన రాయలసీమ, పలనాటి హత్యకేసులు చూచిన న్యాయవాదులకిది తెలియనిది కాదు. గుంపుగా జరిగిన హత్యలలో ఇద్దరో అంతకు మించియో సాక్షులు ఏకవాక్యముగా పేరుచెప్పిన నిందితునే శిక్షించుట మేలను మార్గమును 1964నాటి మసల్తీ తీర్పు ఆమోదించినది. తలలు లెక్కింపరాదన్న న్యాయము ఇచ్చట కొంత లెక్కకు దిగినదని తోచవచ్చును. అయినను ఆ జాగ్రత్త లేనిచో అమాయకులు ఉరికంబమెక్కుదురు.

నిందితుడు చూపగా దొరికిన ఆయుధములకు పంచులుగా వచ్చు మధ్యవర్తుల సాక్ష్యము వేరొక తెగ. గుంటూరు సీమలోని పులుకూరి కొట్టయ్య కేసులో, తాను పొడిచిన బల్లెమును తన ఊరిలోని దొడ్డిలో దాచితినని నిందితుడు పోలీసులతో చెప్పినట్లున్న వాక్యమును ప్రీవీ కౌన్సిలు రెండుగా చీల్చినది: దాచినచోటు తెలుపు భాగము చెల్లును, పొడిచితినను భాగము చెల్లదు. 1947లో ప్రచురితమైన ఆ తీర్పు నేటికిని ప్రతి సెషన్సు కోర్టులోను శిరోధార్యము. మధ్యవర్తులు మాత్రము, ఖాళీ కాగితముపై సంతకము చేసితిమని బోనులో చెప్పి వెళ్లుట నిత్యకృత్యమైనది.

మరణవాంగ్మూలము దగ్గర కొంతసేపు నిలువవలెను. చెప్పినవానిని క్రాసు చేయుట కవకాశములేని సాక్ష్య మిది. 1885లో అలహాబాదు హైకోర్టు విచారించిన అబ్దుల్లా కేసున, గొంతు కోయబడి మాట పడిపోయిన యువతి, ఒక్కొక్క పేరు చెప్పి అడుగగా చేతితో సైగ చేసినది. ఆ ప్రశ్నలును ఆ సైగలును కలిసి వాంగ్మూలమే యగునని పూర్ణధర్మాసనము తీర్మానించినది. ఇతర సాక్ష్యము తోడులేకున్నను, నమ్మదగిన మరణవాంగ్మూలము మీదనే శిక్ష విధింపవచ్చునని ఖుషాల్ రావు కేసు స్థిరపరచినది. చెప్పినవారి మనఃస్థితి సరిగానున్నదని డాక్టరు ధ్రువపత్రము లేకున్నను, వ్రాసికొన్న మేజిస్ట్రేటు తానై తృప్తిపడినచో చాలునని 2002లో లక్ష్మణ్ కేసున ఐదుగురు న్యాయమూర్తులు తేల్చిరి. కాలిన గాయములతో ఆసుపత్రిలో పడియున్న కోడలు, అత్తవారు మంచమువద్ద నిలిచియుండగా స్టవ్వు పేలినదని ఒకమారు, తల్లి వచ్చిన తరువాత భర్తయే కిరోసిను పోసెనని మరొకమారు చెప్పిన కేసులు మన న్యాయస్థానములకు క్రొత్తవి కావు. రెండు మాటలలో ఏది నిజమని తర్కించుటకు ముందు, ఆ రెండు వేళలను మంచముచుట్టు ఎవరెవరున్నారని అడుగు మేజిస్ట్రేటే తన ధర్మమును నెరవేర్చినవాడు.

ఇక ఎదురు తిరుగు సాక్షులు. మధ్యప్రదేశమున పుట్టిన ఖుజ్జీ కేసునందు ప్రత్యక్షసాక్షి ముఖ్యపరీక్షలో నిందితులను గుర్తించెను; క్రాసు నెలదినములకు వాయిదాపడినది; ఆ నెల గడచిన పిమ్మట, తాను వారి వీపులనే చూచితినని చెప్పెను. ఆ నడిమికాలములో ఏమి జరిగియుండునో ఊహించిన సుప్రీంకోర్టు, 1991లో అతని మొదటిమాటనే నమ్మినది. 2002 మార్చిలో వడోదరాలో 14 మంది ప్రాణములుగొన్న బెస్ట్ బేకరీ కేసున, సాక్షులు వరుసగా తిరిగిపోగా 21 మంది నిందితులు 2003లో విడుదలయిరి. 2004లో సుప్రీంకోర్టు విచారణను మహారాష్ట్రకు మార్చి మరల జరిపింపగా 2006లో 9 మందికి శిక్షపడినది. సాక్షి మాట మార్చినంతనే లోకము వానిని లంచగొండియని దూషించును. కొందరు అట్టివారే కావచ్చును. కాని కూలిపని మాని, బస్సు ఛార్జీ అప్పుచేసి, కోర్టు చెట్టుక్రింద సాయంకాలము వరకు కూర్చుండి, ప్లీడరుగారికి వేరేకోర్టులో పని తగిలినదని వాయిదావేయగా ఉత్తచేతులతో ఇంటికి మరలువానిని గూర్చి 2000 సంవత్సరమున స్వరణ్ సింగ్ తీర్పునందు న్యాయమూర్తి వాధ్వాగారు వెలిబుచ్చిన ఆవేదన ప్రతివారును చదువదగినది. కూర్చుండ చోటు లేదు, త్రాగ నీరు లేదు, రావలసిన బత్తా లేదు. ఇట్లుండగా సాక్షిగా నిలుచుటకు ఎవరు ముందుకు వత్తురని వారడిగిరి.

తెలుగునేలపై ఈ ప్రశ్నలన్నియు ఒక్కచోట మూగిన విచారణ చుండూరుది. 1991 ఆగస్టు 6వ తేదీన గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను వెంటాడి చంపిరి. కొందరి శవములను గోనెసంచులలో కుక్కి కాలువలో పడవేసిరి. న్యాయము మా ఊరికే రావలెనని బాధితులు పట్టుపట్టగా, ప్రత్యేక న్యాయస్థానము చుండూరులోనే నెలకొల్పబడినది. పొలములలో చావుతప్పించుకొన్నవారు, భర్తలను కోల్పోయిన స్త్రీలు ఆ బోనెక్కి ముద్దాయిలను పేరుపేరున చూపిరి. అయితే వారికి ఆ అవకాశము కలుగునప్పటికి పదమూడేండ్లు గడచిపోయినవి. 2007 జులై 31న ప్రత్యేక న్యాయస్థానము 21 మందికి యావజ్జీవమును, 35 మందికి ఏడాది శిక్షను విధించి, 123 మందిని విడిచినది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నిటిని రద్దుచేసినది. మరణముల సమయము, స్థలము, దాడిచేసినవారి గుర్తింపు సందేహమునకు తావులేక నిరూపింపబడలేదనియు, ఫిర్యాదులు ఆలస్యమైనవనియు కారణములు చెప్పబడినవి.

సందేహలాభము నిందితునిదే యనుట నాగరిక న్యాయమునకు మూలస్తంభము. దానిని సడలింపుమని నేనడుగను. నాకు మింగుడుపడనిది వేరు. ప్రాణభీతితో వరిచేలకడ్డముగా పరుగెత్తువాడు, తనవాడు ఏ గట్టుమీద ఎన్నిగంటలకు కూలెనో చెప్పలేకపోవుట అతని అసత్యమునకు గుర్తా, లేక ఆ ఘోరమునకు గుర్తా? ఊరు విడిచి పారిపోయినవారు ఫిర్యాదు చేయుటలో కలిగిన జాప్యమును, టీకొట్టువద్ద జరిగిన తగవులో కలిగిన జాప్యముతో సమముగా తూచవచ్చునా? విచారణకు పదమూడేండ్లు పట్టించిన దోషము రాజ్యముది. ఆ పదమూడేండ్లలో అరిగిన జ్ఞాపకమునకు మూల్యము చెల్లించినది సాక్షి. శవపంచాయతీ వ్రాతలలోను, వాంగ్మూలములు వ్రాసికొనుటలోను జరిగిన లోపములు దర్యాప్తు చేసినవారివి. అవియు సాక్షి లెక్కలోనే పడినవి. సాక్షివాక్యమును దాని దారితోసహా చదువవలెనని నేను మొదట చెప్పినదానికి ఇంతకుమించిన నిదర్శనము నాకు తెలియదు.

ఉపాయములు లేకపోలేదు. 2018 డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసున సుప్రీంకోర్టు సాక్షిరక్షణ పథకమును ఆమోదించి, శాసనము వచ్చువరకు అదే శాసనమని ప్రకటించినది. ప్రతి రాష్ట్రమును అట్టి పథకమును ప్రకటింపవలెనని భారతీయ నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షను నేడు విధించుచున్నది. సాక్షుల వాంగ్మూలములను శబ్దచిత్రరూపమున నమోదు చేయుటకు ఆ సంహితయు వీలు కల్పించుచున్నది. హెడ్డుకానిస్టేబులు కుదింపు వ్రాతకు మారుగా సాక్షి గొంతే నిలిచియున్నచో, లాంతరు చెప్పెనా చెప్పలేదా యను వాదములో సగము తీరిపోవును. కాని ఈ వీలు ఐచ్ఛికముగనే మిగిలినది. హత్యకేసులలోనైనను దానిని విధిగా చేయవలెను. ప్రత్యక్షసాక్షిని వారములోపల మేజిస్ట్రేటు ఎదుటికి పంపి ప్రమాణముపై చెప్పించుట, ముఖ్యపరీక్ష జరిగిననాడే క్రాసు ముగించుట, సాక్షులు బోనెక్కిన విచారణను వాయిదా లేక దినదినము నడుపుట, ఇవి యేవియు క్రొత్త శాసనమును కోరునవి కావు. ఆలస్యముచేత సాక్ష్యము చెదరినదని తోచిన ప్రతి తీర్పులోను, ఆ ఆలస్యము ఎవరివలన ఎన్నాళ్లు కలిగినదో న్యాయమూర్తి ఒక్క పేరాలో లెక్కకట్టి వ్రాయవలెను. ఆ పేరా లేకుండ సాక్షిని నమ్మరానివాడని వ్రాసిన తీర్పును, అప్పీలు న్యాయస్థానము అసంపూర్ణముగనే పరిగణింపవలెను.